నగర సముద్రతీరానికి ప్రణాళిక ఏ గీత దగ్గర మొదలు కావాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, నల్లగొండ

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. ఈ జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లలను విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం తీసుకెళ్లాము. వారిలో చాలామందికి సముద్రాన్ని కళ్లారా చూడడం అదే మొదటిసారి. రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూసి బయటికి వచ్చేసరికి, ఒడ్డున పరిచిన లావుపాటి ఇనుప గొట్టం నోటి నుంచి నల్లని ఇసుక, నీళ్లు కలిసి చిక్కటి జావలా ఎగజిమ్ముతూ కనిపించాయి. నీళ్లు పాయలు పాయలుగా చీలి సముద్రంలోకి జారిపోతుంటే, ఇసుక మాత్రం గొట్టం ముందు విసనకర్రలా పరచుకుని నిలిచిపోతోంది. పిల్లలు అలలను మరిచి అక్కడే నిలబడిపోయారు. ఒక అమ్మాయి నన్ను, "టీచర్, సముద్రం దగ్గర కూడా ఇసుకకు కరువేనా? ఎందుకు తెచ్చి పోస్తున్నారు?" అని అడిగింది. తీరం కోతకు గురవుతోంది కాబట్టి పోస్తున్నారని చెప్పాను. "మరి కోత పడే చోటే ఈ గోడలు, ఈ మెట్లు ఎందుకు కట్టారు?" అని మళ్లీ అడిగింది. ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నగరాల సముద్రతీరాలను ప్రభుత్వాలు ఒకవైపు నడకదారులు, దీపాలు, ఉద్యానవనాలతో తీర్చిదిద్దుతున్నాయి, మరోవైపు అదే తీరాన్ని నిలబెట్టడానికి ఇసుక పోస్తున్నాయి, రాళ్లు పేరుస్తున్నాయి. ఈ రెండు పనులూ ఒకే ప్రణాళికలో ఒకదాన్నొకటి చూసుకుని జరుగుతున్నాయా, లేక ఎవరి పని వారు చేసుకుపోతున్నారా? అసలు ఒడ్డున ఎంతవరకు కట్టవచ్చో, ఎక్కడ కట్టకూడదో నిర్ణయించేది ఎవరు? ఆ నిర్ణయంలో అక్కడి ప్రజలకు మాట చెప్పే అవకాశం ఎప్పుడు వస్తుంది?

సముద్రం లేని జిల్లాలో ఉండి ఈ ప్రశ్నలెందుకని కొందరికి అనిపించవచ్చు. మా ఊరి పక్కన కందూరు చోళుల నాటి పానగల్లు చెరువుకు పేరే ఉదయ సముద్రం. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు దగ్గర కూడా కట్టను వెడల్పు చేసి నడకదారి వేశారు. ఒడ్డును అందంగా మార్చడం, ఒడ్డును కాపాడడం అన్న రెండు మాటల మధ్య తేడా పిల్లలకు సముద్రం దగ్గర అర్థమైతే చెరువు దగ్గరా అర్థమవుతుందని నా ఆశ. తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు: విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు, మహబూబ్‌నగర్

అమ్మా, ముందుగా ఆ అమ్మాయి మొదటి ప్రశ్నకు జవాబు చెప్తాను, ఎందుకంటే ప్రణాళిక గీసేవాళ్లు చాలాసార్లు ఆ ప్రశ్న వేసుకోకుండానే పని మొదలుపెడతారు.

తీరంలోని ఇసుక ఒకచోట ఉండేది కాదు. నైరుతి గాలుల కాలంలో అలలు మన తూర్పు తీరాన్ని ఏటవాలుగా తాకి, ఇసుకను ఉత్తరం వైపు కొద్దికొద్దిగా నెడుతూ ఉంటాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత ఇసుక దక్షిణానికి తిరిగి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. అంటే ఇవాళ మీరు తొక్కిన ఇసుక కొంతకాలం కిందట దక్షిణాన ఎక్కడో ఉండేది, కొంతకాలానికి భీమిలి వైపు వెళ్లిపోతుంది. వెళ్లినంత మళ్లీ వస్తున్నంతకాలం ఒడ్డు ఉన్నచోటనే ఉన్నట్టు మనకు కనిపిస్తుంది.

విశాఖలో 1933లో ఓడరేవు ప్రారంభమైంది. లోపలి రేవు ముఖద్వారాన్ని అలల నుంచి కాపాడడానికి ఆ రోజుల్లో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. 1970వ దశకంలో పెద్ద ఓడల కోసం బయటి రేవు కట్టి, సముద్రంలోకి పొడవైన రాతి గోడలు వేశారు. దేశానికి ఆ రేవు అవసరమే. కానీ దక్షిణం నుంచి నడిచి వచ్చే ఇసుక ఆ గోడల దగ్గర, ఓడలు తిరిగే లోతైన కాలువ దగ్గర ఆగిపోతుంది. రేవుకు ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు రావలసిన వాటా రాదు, అక్కడి ఇసుక మాత్రం అలవాటు ప్రకారం ఉత్తరానికి వెళ్లిపోతూనే ఉంటుంది. అందుకే రేవు దగ్గర పోగైన ఇసుకను తవ్వి, గొట్టాల ద్వారా అవతలి ఒడ్డుకు చేరుస్తారు. అడ్డు లేకపోతే అలలే తెచ్చిపెట్టే ఇసుకను ఇప్పుడు యంత్రం దాటిస్తోందన్నమాట. రేవు ఉన్నంతకాలం ఈ పని ఆగడానికి వీల్లేదు.

చెన్నైలో ఇదే సంగతి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివర్లో అక్కడ రేవు కట్టాక దాని దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా బీచ్ అంత వెడల్పయింది. రేవుకు ఉత్తరాన రాయపురం వైపు మాత్రం కోత పడి, ఇళ్లను కాపాడుకోవడానికి మైళ్ల పొడవున బండరాళ్లు పేర్చుకోవలసి వచ్చింది. మెరీనాను చూసి మురిసిపోయే మనం రాయపురాన్ని కూడా ఆ లెక్కలోనే చూడాలి. మా పాలమూరు కూలీలు దేశమంతా ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు, పారే నీటికి ఒకచోట అడ్డం వేస్తే మరోచోట కోత పడుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇంకో మాట, ఇది మన జిల్లాలకు దగ్గరిది. కృష్ణా, గోదావరి డెల్టాల తీరాలు కోతకు గురవడానికి ఒక ముఖ్య కారణం, నదులు మోసుకొచ్చే ఒండ్రు జలాశయాల్లో ఆగిపోవడం. శ్రీశైలంలో, మన నాగార్జునసాగర్‌లో పేరుకున్న పూడికలో కొంత ఒకప్పుడు సముద్రం దాకా వెళ్లేది. నేను సాగునీటి శాఖలో పనిచేసినవాణ్ణి, సాగర్ నీళ్లతో పండిన పంట తిన్నవాణ్ణి. ఆ ప్రాజెక్టు వద్దని నేను అనను. కానీ తీరం కోతకు కారణం తీరం దగ్గరే ఉంటుందని మాత్రం అనుకోకూడదు.

కాబట్టి తీర ప్రణాళికకు మొదటి పని కొలత. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసి, దేశ తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని తేల్చింది. నగరానికి అలాంటి కొలతే ఇంకా దగ్గరగా, ఏడాదిలో కనీసం రెండు కాలాల్లో, చాలా ఏళ్లపాటు జరగాలి. వానాకాలంలోనూ తుఫాను రోజుల్లోనూ అలలు ఒడ్డు ఇసుకను కొంత లోపలికి లాక్కుని నీటి అడుగున తిన్నెగా పేరుస్తాయి, ప్రశాంతంగా ఉన్న నెలల్లో మళ్లీ ఒడ్డుకు చేరుస్తాయి. వేసవి మొదట్లో వచ్చి వెడల్పాటి ఇసుకను చూసి ఇక్కడ స్థలముందని గీత గీసినవాడు, అక్టోబరులో వచ్చి చూస్తే ఆ గీత నీళ్లలో ఉంటుంది. మీ అమ్మాయి రెండో ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే.

జవాబు: పట్టణ ప్రణాళిక సాంకేతిక నిపుణురాలు, మిర్యాలగూడ

సార్ చెప్పిన గీత గురించే చట్టం ఏం చెబుతుందో నేను రాస్తాను. నేను పట్టణ ప్రణాళిక చదువుకుని, ఇక్కడ భవన అనుమతుల పత్రాలు, నక్షాలు తయారు చేసే పని చేస్తున్నాను. సముద్రతీరంలో పని చేయలేదు కానీ, చెరువు పక్కన స్థలం కొన్నవారికి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) అంటే ఏమిటో చెప్పవలసి రావడం నా రోజువారీ పని.

పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద, 1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వం తొలిసారి తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) ప్రకటన ఇచ్చింది. దాని స్థానంలో 2011లో ఒకటి, 2019 జనవరి 18న మరొకటి వచ్చాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు చేరే గీత నుంచి నేల వైపు 500 మీటర్ల వరకు ఈ నియమాలు వర్తిస్తాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, ఇసుక దిబ్బలు, మడ అడవులు, భూగర్భశాస్త్రపరంగా విలువైన చోట్లు మొదటి వర్గంలోకి వస్తాయి, అక్కడ కట్టడాలకు దాదాపు చోటు లేదు. నీటి అంచు దాకా ఇప్పటికే ఇళ్లు, రోడ్లు ఉన్న నగర ప్రాంతం రెండో వర్గం. అక్కడ కొత్త భవనం కట్టాలంటే ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతితో కట్టిన పాత కట్టడానికో నేల వైపున మాత్రమే కట్టాలి, సముద్రం వైపున కాదు. బీచ్‌ల మీద పర్యాటకుల కోసం పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదుల వంటి తాత్కాలిక వసతులు పెట్టుకోవచ్చు, అయితే పోటు గీతకు కనీసం 10 మీటర్ల దూరం వదలాలి.

మొదటి, నాలుగో వర్గాల్లోని పనులకు, అంటే సున్నితమైన తీరానికి, సముద్ర జలాలకు సంబంధించిన వాటికి సాధారణంగా కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి. రెండు, మూడు వర్గాల్లోని పనులను, అంటే నగర, గ్రామీణ తీరాలకు సంబంధించిన వాటిని రాష్ట్ర స్థాయి సంస్థ చూసుకుంటుంది. వీటన్నిటికీ ఆధారం తీర మండలం నిర్వహణ పటం. అది 1:25,000 కొలమానంలో తయారవుతుంది. స్థానిక సంస్థల కోసం సర్వే నంబర్లు కనిపించేంత పెద్ద పటాలు వేరుగా ఉంటాయి. ముసాయిదా పటాన్ని ప్రజల ముందు పెట్టి, బహిరంగ విచారణ జరిపి, అభ్యంతరాలు విన్నాకే ఖరారు చేయాలి. టీచరు గారు అడిగిన మూడో ప్రశ్నకు ఇదే జవాబు. ప్రజలు మాట చెప్పవలసింది పటం ముసాయిదాగా ఉన్నప్పుడే. నడకదారికి శంకుస్థాపన జరిగే రోజుకు చాలా నిర్ణయాలు అయిపోయి ఉంటాయి.

2019 ప్రకటన గురించి నా అభిప్రాయం దాచుకోను. అంతకు ముందు నగర తీరంలో భవనాల విస్తీర్ణానికి 1991 నాటి పరిమితి ఉండేది, ఆ కట్టు తీసేశారు. జనసాంద్రత ఎక్కువగా ఉన్న తీర గ్రామాల్లో కట్టడాలు నిషేధించిన పట్టీని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించారు. సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన ప్రమాద రేఖ ఒకటుంది. కోత, ఉప్పెన, సముద్ర మట్టం పెరుగుదల కలిపి చూసి, నీరు ఎంతవరకు రాగలదో చెప్పే గీత అది. ఆ గీతను విపత్తుల నిర్వహణకు సాధనంగా వాడాలని చెప్పారే గానీ, దాని లోపల కట్టకూడదన్న నియమం పెట్టలేదు. ప్రమాదం ఇక్కడి దాకా వస్తుందని పటం మీదే గీసి, ఆ గీతకు లోపలే అనుమతులు ఇవ్వడం నాకు ఎంత ఆలోచించినా సమంజసంగా తోచదు.

మన దగ్గరి చెరువులకు కూడా ఇలాంటి గీతే ఉంది. 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు సరిహద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదిలిపెట్టాలి. కానీ ఆ 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలో తెలియాలంటే ముందు నిండు మట్టం గీత నేల మీద ఉండాలి. గీత పడకముందే చుట్టూ రోడ్డు పడితే, తర్వాత ఆ రోడ్డే చెరువు సరిహద్దుగా చలామణి అవుతుంది. రోడ్డుకు అవతల మిగిలిపోయిన శిఖం (చెరువు గర్భంలోని) భూమి క్రమంగా ప్లాట్లవుతుంది. సముద్రం దగ్గరా ఇదే జరుగుతుంది. ఉన్న రోడ్డుకు నేల వైపున కట్టుకోవచ్చన్న నియమం ఉన్నప్పుడు, ఆ రోడ్డు ఎక్కడ పడిందన్నదే అన్నిటికంటే పెద్ద నిర్ణయం.

జవాబు: మత్స్యకార కుటుంబానికి చెందిన యువకుడు, దేవరకొండ వైపు

మేడం, సార్, మీ జవాబులు రెండుసార్లు చదివాను. మాది సాగర్ వెనుక జలాల ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ. నాగార్జునసాగర్ నిండాక మా తాతల తరం విశాఖ తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది, అందుకే ఆ పేరు. మా నానమ్మ తరఫు వాళ్లు ఇప్పటికీ అక్కడ జాలరిపేటలోనే ఉన్నారు. పెళ్లిళ్లకు, గంగమ్మ పండుగకు వెళ్లి వస్తుంటాం.

తీరం పటంలో ఖాళీ స్థలంగా కనిపించేది మా వాళ్లకు ఖాళీ కాదు. వేట నుంచి వచ్చిన పడవను అలలకు అందనంత పైకి లాగి పెట్టాలి. తుఫాను హెచ్చరిక వస్తే అంతకంటే ఇంకా పైకి లాగాలి. వలలు పరిచి చిరుగులు చూసుకోవాలి, చేపలు ఎండబెట్టాలి. పెద్ద వల వేసే రోజున ఆ వల రెండు కొసల తాళ్లను ఒడ్డున రెండు జట్లు పట్టుకుని, ఇరవై ముప్పై మంది వెనక్కి నడుస్తూ లాగుతారు. మొదట్లో రెండు జట్ల మధ్య దూరం చాలా ఉంటుంది. వల దగ్గరికి వచ్చేకొద్దీ రెండు జట్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతూ వస్తాయి. కాలి మడమ ఇసుకలో దిగితేనే ఆ బరువుకు ఆనిక దొరుకుతుంది. సిమెంటు మెట్ల మీద మడమ దిగదు, తాడు అంచుకు రాసుకుని తెగుతుంది. నేను పదేళ్ల వయసులో మా మామయ్య వెనకాల ఆ తాడు పట్టుకుని నడిచాను, అరచేతులు బొబ్బలెక్కాయి. కొన్నేళ్ల తర్వాత అదే చోటికి వెళ్తే కూర్చోవడానికి సిమెంటు దిమ్మెలు, వాటి మధ్య పూలకుండీలు ఉన్నాయి. పడవలు పక్కకు జరిగాయి. ఎవరూ వెళ్లగొట్టలేదు. నిలబెట్టుకునే చోటు మాత్రం లేకుండా పోయింది.

మేడం చెప్పిన ప్రకటనలోనే మత్స్యకార గ్రామాలను, వారి ఉమ్మడి స్థలాలను, చేపలు ఎండబెట్టే చోట్లను, ఐసు ఫ్యాక్టరీలను, జెట్టీలను సర్వే నంబర్ల పటాల మీద చూపించాలని రాసి ఉందని ఒక సంఘం సమావేశంలో విన్నాను. అది నిజమైతే పటం గీయడానికి వచ్చేవారు పగలు పదకొండు గంటలకు కాకుండా తెల్లవారుజామున నాలుగు గంటలకు రావాలని నా మనవి. పదకొండుకు ఒడ్డు ఖాళీగానే కనిపిస్తుంది.

దీపాల గురించి ఒక సంగతి. జనవరి నుంచి మూడు నాలుగు నెలలు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల వెలుతురు ఉన్న వైపు పాకుతుంది. ఒకప్పుడు రాత్రి వెలుతురంటే సముద్రమే. ఇప్పుడు రోడ్డు దీపాల వైపు పాకి చక్రాల కింద పడుతున్నాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లను తీసి దడి కట్టిన చోట పొదిగించి, పిల్లలను నీళ్లలో వదులుతారు. ఆ పనిలో మా వాళ్ల పిల్లలు కూడా సాయం చేస్తారు.

జవాబు: గృహిణి, వనపర్తి

అందరి మాటలూ విలువైనవే. అయినా ఒక విషయం చెప్పకపోతే నాకు మనసొప్పదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. డాక్టరు రోజూ నడవమంటే, ఇదివరకు ఆమె నడవడానికి మా పట్టణంలో చోటే లేదు. చెరువు కట్ట మీద దారి, దీపాలు, బెంచీలు వచ్చాకే సాయంత్రాలు బయటికి వెళ్తోంది, నలుగురితో మాట్లాడుతోంది. అంతకు ముందు చీకటి పడితే ఆడవాళ్లం ఆ కట్ట వైపు వెళ్లేవాళ్లం కాదు. సముద్రం ఒడ్డున కూడా, డబ్బు లేనివాడు పిల్లలతో వెళ్లి టిక్కెట్టు లేకుండా కూర్చోగల చోటు అదొక్కటే. అభివృద్ధి అన్న మాటనే అనుమానంగా చూస్తే ఆ జనానికి అన్యాయం జరుగుతుంది. మరుగుదొడ్డి లేని బీచ్‌కు ఆడపిల్లలను తీసుకెళ్లినప్పటి ఇబ్బంది టీచరు గారికి నేను చెప్పనక్కరలేదు.

అయితే మా చెరువు సంగతి పూర్తిగా చెప్తాను. కట్ట మీద పనులు చక్కగా చేశారు. చెరువులోకి నీళ్లు వచ్చే వైపు మాత్రం ఎవరూ చూడలేదు. పై కుంట నుంచి వచ్చే కాలువకు అడ్డంగా మట్టి పోసి రోడ్డు వేశారు, కింద పెట్టిన తూము గొట్టం ఆ వరదకు సరిపోలేదు. రెండేళ్ల కిందట వానలు పడ్డప్పుడు నీళ్లు వెనక్కి తన్ని మా వీధిలోకి వచ్చాయి. మా ఇంట్లో బియ్యం డబ్బా తేలింది. నెలంతా గోడల చెమ్మ ఆరలేదు. అదే వారంలో చెరువు మాత్రం సగమే నిండింది. మూడుసార్లు అర్జీ ఇచ్చాక అడ్డం తీసి, పెద్ద తూములు పెట్టారు. అందుకని నా మాట ఒకటే, కట్టండి, కానీ నీళ్లు వచ్చే దారిని, పోయే దారిని ముందు చూసుకుని కట్టండి.

తోపుడు బండ్ల వారి గురించి కూడా ఆలోచించాలి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి, సర్వే జరగకుండా వారిని ఖాళీ చేయించకూడదు. మొక్కజొన్న కంకులు కాల్చే ఆవిడను తీసేసి, అద్దాల గదిలో అదే కంకిని మూడింతల ధరకు అమ్మితే దాన్ని నేను అభివృద్ధి అనలేను.

ప్రశ్న వేసినవారు: నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. వనపర్తి అమ్మ చెప్పిన బియ్యం డబ్బా మాట చదివి నేను కాసేపు ఆగిపోయాను. ఇంజినీరు గారిని ఇంకొకటి అడగాలి. రోడ్డు, ఇళ్లు కళ్ల ముందే కూలిపోతున్నప్పుడు ప్రభుత్వం గోడ కట్టక ఏం చేయగలదు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు బీచ్ రోడ్డు ఎంత దెబ్బతిన్నదో టీవీలో చూశాము. గోడ ఎప్పుడు తప్పు, ఎప్పుడు తప్పదు?

జవాబు: విశ్రాంత ఇంజినీరు, మహబూబ్‌నగర్

గోడ తప్పని చోట్లు ఉన్నాయమ్మా. వెనక ఇళ్లు ఉండి, జరగడానికి చోటు లేకపోతే కట్టవలసిందే. కానీ గోడ కాపాడేది దాని వెనకనున్న నేలను, దాని ముందున్న ఇసుకను కాదు. మెత్తటి ఏటవాలు ఇసుక మీదికి వచ్చే అల కొంత దూరం పాకి బలం కోల్పోయి వెనక్కి జారుతుంది. నిటారు గోడకు తగిలిన అల బలం తగ్గకుండా వెనక్కి తిరిగి, గోడ పాదం దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది. కొన్నేళ్లకు గోడ ముందు బీచ్ ఉండదు, పునాది బయటపడుతుంది, మళ్లీ రాళ్లు పోయాలి. గోడ ఎక్కడ ఆగిపోతుందో ఆ కొసన పక్క ఊరికి కోత మొదలవుతుంది, అప్పుడు వాళ్లూ గోడ అడుగుతారు.

కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఇదంతా చూడవచ్చు. అక్కడ బండరాళ్లు పేర్చారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులతో (గట్టి బట్ట గొట్టాలతో) కట్ట వేశారు, అయినా తుఫాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు దెబ్బతింటూనే ఉంది. పుదుచ్చేరిలో రేవు గోడల వల్ల నగరం ముందున్న ఇసుక మొత్తం పోయి, చాలా ఏళ్లు బండరాళ్లే మిగిలాయి. ఆ తర్వాత చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు నీటి అడుగున ఉక్కుతో చేసిన దిబ్బను దించారు. అల ఒడ్డుకు చేరకముందే దాని మీద విరిగి బలం తగ్గుతుంది, ఇసుక నిలవడానికి వీలు కుదురుతుంది. నగరం ముందు కొంత మేర ఇసుక తీరం మళ్లీ వచ్చింది. అది అన్నిచోట్లా పనికొస్తుందని నేను చెప్పను, అల దిశ, లోతు, ఇసుక రాక చూసుకోవాలి. కానీ ఒడ్డు మీద కనిపించే గోడ కాకుండా వేరే దారులు ఉన్నాయని చెప్పడానికి అది చాలు.

అన్నిటికంటే చవకైన రక్షణ ఇసుక దిబ్బలే. వాటి మీద పాకే తీగలు, గడ్డి వేళ్లతో ఇసుకను పట్టి ఉంచుతాయి. తుఫాను వచ్చినప్పుడు దిబ్బలోని ఇసుకే ముందుగా కరిగి, వెనకనున్న రోడ్డును కాపాడుతుంది. నగరాల్లో అందం పేరుతో ముందుగా చదును చేసేది ఆ దిబ్బలనే, తర్వాత పెరికేది ఆ తీగలనే. నా చేతిలో అధికారం ఉంటే, బీచ్ పనుల టెండరులో మొదటి పద్దుగా ఏటా దాటించవలసిన ఇసుక ఖర్చు పెట్టమంటాను, రెండో పద్దు దిబ్బలకు, మూడోది మురుగుకు. నగరంలోని గెడ్డలు (వాగులు) మురుగును నేరుగా బీచ్ మీదికే తెచ్చి వదులుతుంటే, పైన ఎన్ని ఫౌంటెన్లు పెట్టినా పిల్లలు దిగే నీళ్లు శుభ్రపడవు. విశాఖలోని రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. దానికి చూసే 33 ప్రమాణాల్లో నీటి నాణ్యత పరీక్షలకు పెద్ద చోటే ఉంది. నడకదారికి రంగులు వేసినంత మాత్రాన ఆ జెండా ఎగరదు, ఒకసారి వచ్చిన జెండాను నిలుపుకోవడానికి కూడా రోజూ పని చేయాలి.

జవాబు: పట్టణ ప్రణాళిక సాంకేతిక నిపుణురాలు, మిర్యాలగూడ

తమ్ముడూ, మీరు సమావేశంలో విన్నది నిజమే. మత్స్యకారుల ఉమ్మడి స్థలాలను సర్వే నంబర్ల పటాల మీద చూపాలని 2011 ప్రకటనలోనూ ఉంది, 2019 ప్రకటనలోనూ ఉంది. మీ బంధువులు అభ్యంతరం రాసేటప్పుడు మాకు అన్యాయం జరుగుతోందని మాత్రమే రాస్తే సరిపోదు. ఏ సర్వే నంబరులో ఎన్ని పడవలు నిలుస్తాయో, పెద్ద వల లాగేటప్పుడు ఒడ్డు వెంబడి ఎన్ని బారల దూరం కావాలో, ఏ నెలల్లో కావాలో రాసి, ఫొటోలు జతచేసి, ముసాయిదా పటం మీద ఆ చోటును గుర్తుపెట్టి ఇవ్వమనండి. అందినట్టు రసీదు తప్పనిసరిగా తీసుకోమనండి. పటం మీద పేరు పడిన స్థలాన్ని తర్వాత ఖాళీ స్థలమని ఎవరూ అనలేరు. వనపర్తి అక్కయ్య చెప్పిన మరుగుదొడ్లు, దీపాలు కూడా అదే పటంలో ఇముడుతాయి. దీపాలను కిందికి వంచి, సముద్రం వైపు కాంతి పడకుండా మూత పెడితే నడిచేవారికి వెలుతురు ఉంటుంది, తాబేలు పిల్లకు దారి తప్పదు.

ప్రశ్న వేసినవారు: నల్లగొండ

పిల్లలకు చెప్పవలసింది ఇప్పుడు నాకు చాలావరకు స్పష్టమైంది. వచ్చే నెల వారిని ఉదయ సముద్రం దగ్గరికి తీసుకెళ్లి, నిండు మట్టం గీత ఎక్కడుందో వెతికించి, అక్కడి నుంచి 30 మీటర్లు టేపుతో కొలిపించాలని అనుకుంటున్నాను. పెద్ద తరగతి పిల్లలు పటం గీస్తారు. ఇంజినీరు గారు, ఆ గీతను పిల్లలు కంటితో గుర్తుపట్టే వీలుందా?

జవాబు: విశ్రాంత ఇంజినీరు, మహబూబ్‌నగర్

ఉందమ్మా. సరిహద్దు రాళ్లు పాతి ఉంటే సరే, లేకపోయినా మత్తడి (చెరువు నిండాక నీరు పొర్లిపోయే గోడ) ఉన్న చెరువులో ఆ మత్తడి పైఅంచు మట్టమే నిండు మట్టం. ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస మత్తడి అంచు దగ్గర పట్టుకుని, రెండో కొసను ఒడ్డు వెంబడి తీసుకెళ్తే, గొట్టంలో నీరు నిలిచిన ఎత్తు చూసి ఆ మట్టాన్ని కొంత దూరం వరకు గుర్తించవచ్చు. మా మేస్త్రీలు ఇళ్ల పునాదులకు ఇలాగే చూస్తారు. చిన్న చిన్న కర్రలు పాతుకుంటూ వెళ్లండి. నీటి దగ్గరికి పిల్లలను విడిగా పోనివ్వకండి, పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు తోడుండాలి. వచ్చే నెల వెళ్లినా, అక్టోబరులో చెరువు నిండాక అదే చోటికి ఇంకోసారి తీసుకెళ్లండి. మీరు పాతిన కర్రల్లో ఏవేవి నీళ్లలో ఉన్నాయో వారే లెక్కపెట్టి పటం మీద సరిచేసుకుంటారు. ఆ రెండు పటాలనూ ఇక్కడ పెడితే చూడాలని నాకు కోరికగా ఉంది.